పాఠకుల ప్రశ్నలు: సొంత పార్టీ కంచుకోటల్ని కదిలించిన జాక్ మెకానెల్

ప్రశ్న: స్కాట్లండ్‌లో మామూలు కౌన్సిలర్‌గా మొదలైనవాళ్లు ప్రభుత్వాధినేత దాకా ఎదిగే దారి ఎలా ఉంటుంది? ఒక్కరి గురించి వివరంగా చెప్పండి. (రాజమండ్రి)

జవాబు: జాక్ మెకానెల్ గురించి చెబుతాం. 1960లో పుట్టారు. పెరిగింది ఆరన్ దీవిలో, గొర్రెల పెంపకం చేసే కుటుంబంలో. స్టిర్లింగ్ విశ్వవిద్యాలయంలో విద్యార్థి సంఘం అధ్యక్షుడిగా చేసి, తర్వాత ఆలోవా పట్టణంలోని బడిలో లెక్కల మాస్టారుగా చేరారు. ఆ ఉద్యోగంలో ఉండగానే 1984లో లేబర్ పార్టీ తరఫున స్టిర్లింగ్ జిల్లా కౌన్సిలర్ అయ్యారు. మొదట కౌన్సిల్ ఖజానా వ్యవహారాలు చూశారు, 1990 నుంచి 1992 వరకు కౌన్సిల్ నాయకుడు. మధ్యలో 1987లో బ్రిటన్ పార్లమెంటుకు పోటీచేసి ఓడిపోయారు.

1992లో స్కాటిష్ లేబర్ ప్రధాన కార్యదర్శి అయ్యారు. అభ్యర్థుల ఎంపిక, స్థానిక శాఖల తగాదాలు, స్కాట్లండ్‌కు సొంత పార్లమెంటు కావాలా అని జనాన్ని అడిగిన 1997 రెఫరెండం ప్రచారం అన్నీ ఆ కుర్చీ మీదుగానే నడిచాయి. మా లెక్కలో ఆయన్ని పైకి తెచ్చింది ఆరేళ్ల ఈ పార్టీ పనే. 1999లో స్కాటిష్ పార్లమెంటు సభ్యుడై నేరుగా ఆర్థిక మంత్రి అయ్యారు. 2000లో ఫస్ట్ మినిస్టర్ (స్కాట్లండ్ ప్రభుత్వాధినేత) డోనల్డ్ డ్యూవర్ చనిపోయాక నాయకత్వానికి పోటీపడి హెన్రీ మెక్‌లీష్ చేతిలో కొద్దిలో ఓడిపోయారు. నియోజకవర్గ కార్యాలయాన్ని అద్దెకిచ్చిన వివాదంలో మెక్‌లీష్ ఏడాదికే రాజీనామా చేయడంతో, 2001 నవంబరులో ఆ పదవి ఈయనకు దక్కింది. 2007 మే దాకా ఉన్నారు. 2010 నుంచి బ్రిటన్ పార్లమెంటు ఎగువ సభ అయిన ప్రభువుల సభ సభ్యుడు.

ప్రశ్న: కౌన్సిల్ ఎన్నికల పద్ధతినే మార్చి సొంత పార్టీకి నష్టం తెచ్చుకున్నారని చదివాను. ఎందుకు మార్చినట్టు? (హైదరాబాద్)

జవాబు: సీట్ల లెక్క అలా కుదిరింది. 2003లో 129 మంది ఉన్న సభలో లేబర్‌కు వచ్చినవి 50. మెజారిటీకి 65 కావాలి. 17 మంది ఉన్న లిబరల్ డెమోక్రాట్లు మద్దతుకు పెట్టిన ప్రధాన షరతు కౌన్సిల్ ఎన్నికల్లో ప్రాధాన్య ఓటు, అంటే అభ్యర్థులకు 1, 2, 3 అని వరుస అంకెలు వేసే పద్ధతి. ఫలితం 2004 నాటి స్థానిక పాలన చట్టం.

అయితే పాత పద్ధతిని సమర్థించడం కూడా కష్టమే. 2003లో గ్లాస్గోలో లేబర్‌కు సగం ఓట్లు కూడా రాలేదు, వచ్చిన సీట్లు మాత్రం 79లో 71. స్కాట్లండ్ మొత్తం మీద అరవై దాకా వార్డులు పోటీ లేకుండా ఏకగ్రీవమయ్యాయి. సొంత కౌన్సిలర్లు భగ్గుమన్నారు. వాళ్లను చల్లబరచడానికి కౌన్సిలర్లకు జీతం, తప్పుకునేవాళ్లకు సర్వీసును బట్టి ఒక్కసారి చెల్లింపు ఏర్పాటు చేశారు. కొత్త పద్ధతిలో జరిగిన తొలి ఎన్నికల్లో, 2007లో, ఒక్క ఏకగ్రీవమూ లేదు. గ్లాస్గోలో లేబర్ 45కు దిగింది, స్కాటిష్ నేషనల్ పార్టీకి 22 వచ్చాయి. మొత్తం 32 కౌన్సిళ్లలో లేబర్‌కు సొంతంగా మెజారిటీ మిగిలినవి గ్లాస్గో, నార్త్ లానార్క్‌షైర్ రెండే.

ప్రశ్న: లెక్కింపు మన పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల లాంటిదేనా? (కరీంనగర్)

జవాబు: ఓటు వేసే తీరు అదే: పేర్ల ఎదురుగా 1, 2, 3 అంకెలు. తేడా ఏమిటంటే మన దగ్గర ఒక్క సీటు కాబట్టి సగానికి పైగా ఓట్లు రావాలి. అక్కడ సాధారణంగా ఒక్కో వార్డుకు ముగ్గురో నలుగురో గెలుస్తారు కాబట్టి కోటా, అంటే గెలవడానికి కావాల్సిన ఓట్లు, తక్కువ.

నలుగురిని ఎన్నుకునే వార్డులో చెల్లిన ఓట్లు 5,000 అనుకోండి. సీట్లకు ఒకటి కలిపి భాగిస్తే 1,000, దానికి ఒకటి కలిపితే కోటా 1,001. ఒక అభ్యర్థికి మొదటి ప్రాధాన్య ఓట్లు 1,401 వచ్చాయి. గెలిచాడు, 400 మిగులు. ఆ మిగులు కోసం ఏవో 400 కాగితాలు తీసి పంచరు. అతని 1,401 కాగితాలనూ చూసి, ఒక్కోదానికి 400ను 1,401తో భాగించిన విలువ, అంటే 0.28551, కట్టి రెండో ప్రాధాన్యానికి పంపుతారు. అయిదు దశాంశ స్థానాలతో ఆపేస్తారు. ఎవరికీ కోటా అందకపోతే అట్టడుగు అభ్యర్థిని తీసేసి అతని ఓట్లు పంచుతారు. చేత్తో చేస్తే తల వాచిపోయే పని, అందుకే బ్యాలెట్లను స్కాన్ చేసి యంత్రాలతో లెక్కిస్తారు.

పార్టీలు దెబ్బతినేది రెండుచోట్ల. బ్యాలెట్‌పై పేర్లు అక్షరక్రమంలో ఉంటాయి. ఒకే పార్టీ ఇద్దర్ని నిలబెడితే పైన ఉన్నవాడికి 1, కింద ఉన్నవాడికి 2 పడటం మామూలు. కింది అభ్యర్థి ఎంత పేరున్నవాడైనా ముందే ఎగిరిపోవచ్చు. దీన్ని తప్పించుకోవడానికి వార్డును వీధులవారీగా పంచుకుని, ఒక వైపు ఒకరికి, రెండో వైపు మరొకరికి మొదటి ఓటు అడుగుతారు. రెండోది ఉప ఎన్నిక. నాలుగో స్థానంలో గెలిచిన చిన్న పార్టీ కౌన్సిలర్ చనిపోతే, ఆ ఒక్క సీటుకు వార్డు మొత్తం ఓటేస్తుంది. కోటా సగానికి పైకి పోతుంది. సీటు పెద్ద పార్టీకి పోయే అవకాశమే ఎక్కువ.

ప్రశ్న: 2007లో లక్షకు పైగా ఓట్లు చెల్లలేదట. ఈ అంకెల పద్ధతే కారణమా? (విజయవాడ)

జవాబు: చాలామంది అలాగే అనుకుంటారు, కానీ అంకెలు వేయాల్సిన కౌన్సిల్ బ్యాలెట్‌లో తిరస్కరించినవి 1.83 శాతమే. అదే రోజు జరిగిన స్కాటిష్ పార్లమెంటు ఎన్నికలో, ఇంటూ గుర్తు పెట్టాల్సిన నియోజకవర్గ ఓట్లలో 4 శాతం దాటాయి. అంతకుముందు విడివిడిగా ఉన్న రెండు పార్లమెంటు ఓట్లను ఆసారి ఒకే కాగితం మీదికి తెచ్చారు: ఎడమ వరుసలో ప్రాంతీయ జాబితా (పార్టీకి వేసే ఓటు), కుడి వరుసలో నియోజకవర్గ అభ్యర్థులు. జనం రెండు గుర్తులూ ఎడమవైపే పెట్టారు, లేదా ఒక్కటి పెట్టి వదిలేశారు. గ్లాస్గో, లోథియన్ ప్రాంతాల్లో పోటీదారులు ఎక్కువై చోటు చాలక సూచనలు కుదించారు, ఏ వరుసలో ఏం చేయాలో చూపే బాణం గుర్తులు తీసేశారు. ఆ రెండు ప్రాంతాల్లో నష్టం మరీ ఎక్కువ.

ఆరన్ దీవి ఉన్న కనింగ్‌హేమ్ నార్త్‌లో లేబర్ 48 ఓట్లతో ఓడింది. అక్కడ చెల్లని ఓట్లు వెయ్యి దాటాయి. స్కాట్లండ్ మొత్తం ఫలితం నేషనల్ పార్టీకి 47, లేబర్‌కు 46. ఆ ఒక్క సీటు అటు పడి ఉంటే అంకెలు తారుమారయ్యేవి! మెకానెల్ పదవి దిగిపోయారు. విచారణ చేసిన కెనడా ఎన్నికల నిపుణుడు రాన్ గూల్డ్ రెండు ఎన్నికలూ వేర్వేరు రోజుల్లో జరపమన్నారు. అందుకే 2011లో రావాల్సిన కౌన్సిల్ ఎన్నికలు 2012కు వాయిదా పడ్డాయి.

ప్రశ్న: మన పిల్లల చదువులతో ఈయనకేమైనా సంబంధం ఉందా? (నెల్లూరు)

జవాబు: ఉంది. స్కాట్లండ్ జనాభా 50 లక్షల కిందికి పడిపోతుందన్న అంచనాలతో 2004లో ‘ఫ్రెష్ టాలెంట్’ పథకం ప్రకటించారు. వలస విధానం లండన్ చేతిలో ఉన్నా, హోం శాఖను ఒప్పించి 2005 నుంచి అమలు చేశారు. స్కాట్లండ్‌లో డిగ్రీ పూర్తిచేసిన విదేశీ విద్యార్థి ముందుగా ఉద్యోగం చూపకుండానే రెండేళ్లు ఉండిపోయే వీలుండేది. 2008లో ఇది బ్రిటన్ అంతటికీ వర్తించే వీసాలో కలిసింది, 2012లో ఆగిపోయింది. 2021లో వచ్చిన గ్రాడ్యుయేట్ రూట్ అదే ఆలోచనతో నడుస్తోంది. వెళ్లేవాళ్లు దాని గడువు నిబంధనలను దరఖాస్తు చేసే నాటికి బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే సరిచూసుకోవాలి. కన్సల్టెన్సీ బ్రోచర్లలో పాత గడువులే ఉండిపోవచ్చు.