కాలా ఘోడాకు మనలాంటివాళ్ళు వెళ్ళొచ్చా?

మహారాష్ట్రలో నాందేడ్ జిల్లా బిలోలి నుంచి ఒకరు అడిగారు: "మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ఎలిమెంటరీ డ్రాయింగ్ పరీక్షలో ఏ గ్రేడ్ తెచ్చుకుంటే ముంబైలో కాలా ఘోడా చూపిస్తానని మాటిచ్చాను, తెచ్చుకుంది. ఒక్క రోజులో ఏమేం చూడొచ్చు? అంతా ఇంగ్లీషు మాట్లాడే జనమట, మనల్ని లోపలికి రానిస్తారా?"

కాలా ఘోడా అంటే దక్షిణ ముంబైలో బొమ్మల గ్యాలరీలు, మ్యూజియాలు ఉన్న పేట. చివరి ప్రశ్నకే ముందు చెప్తాను, ఎందుకంటే ఆ భయం నాకూ ఉండేది. రానిస్తారు. జహంగీర్ ఆర్ట్ గ్యాలరీలో టికెట్ కూడా అడగరు.

నాది ధర్మాబాద్, మీ జిల్లానే. పద్దెనిమిదేళ్ళు బోర్డులు రాశాను, మరాఠీలో కొన్ని, తెలుగులో కొన్ని. ఫ్లెక్సులు వచ్చి ఆ పని పోయింది. ఇప్పుడు నేనూ ఫ్లెక్సులే వేసి అమ్ముతున్నా, నవ్వకండి. మొదటిసారి వెళ్ళినప్పుడు జహంగీర్ ఆర్ట్ గ్యాలరీ ముందు పది నిమిషాలు అటూ ఇటూ తిరిగాను. లోపల తెల్లటి గోడలు, లైట్లు, మెల్లగా మాట్లాడుకునే మనుషులు. వెళ్తే ఏదైనా కొనాలేమో, ఎవరైనా ఏమైనా అడుగుతారేమో అని ఒకటే టెన్షన్. ఆఖరికి వాచ్‌మన్‌ని మరాఠీలో అడిగాను. "జా నా భావూ" (వెళ్ళన్నా) అన్నాడు, అదేం ప్రశ్న అన్నట్టు మొహం పెట్టి. 1952లో తెరిచిన ఆ గ్యాలరీలో ఇప్పటికీ ప్రవేశం ఉచితమే. వారం వారం బొమ్మలు మారిపోతాయి. వేసిన మనిషి చాలాసార్లు పక్కనే కుర్చీ వేసుకుని ఉంటాడు. అమ్మాయిని వెళ్ళి ఏదో ఒకటి అడగమనండి. రంగు ఏం కలిపారు, ఎన్ని రోజులు పట్టింది, అదే చాలు. వాళ్ళకూ పొద్దంతా అలా కూర్చోవడం విసుగేగా.

ఇక వెళ్ళడం. దేవగిరి ఎక్స్‌ప్రెస్ సాయంత్రం ఎక్కితే పొద్దున్నే ముంబై సీఎస్ఎంటీ స్టేషన్‌లో దింపుతుంది. గ్యాలరీ తెరిచేది పదకొండు గంటలకు. కాబట్టి తొందరపడి టాక్సీ ఎక్కకండి. స్టేషన్ బయటికొచ్చి ముందు ఉత్తరం వైపు నాలుగడుగులు వేస్తే జేజే స్కూల్ ఆఫ్ ఆర్ట్ ఉంటుంది. 1857లో మొదలైన కాలేజీ. మన రాజమండ్రి చిత్రకారుడు దామెర్ల రామారావు చదివింది ఇక్కడే. ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే 1925లో పోయాడు, కానీ ఆ కాస్తలోనే వేసిన బొమ్మలు చూడటానికి రాజమండ్రిలో ప్రత్యేకంగా ఒక గ్యాలరీ ఉంది. లోపలికి పంపకపోయినా గేటు బయట నిలబడి అమ్మాయికి ఈ సంగతి చెప్పండి. మా అక్క కూతురికి నేను చెప్తే, "మన తెలుగాయనా మామా?" అని రెండుసార్లు అడిగింది.

అక్కణ్ణుంచి మళ్ళీ దక్షిణం వైపు తిరిగి హుతాత్మా చౌక్ మీదుగా నడిస్తే అరగంటలో కాలా ఘోడా. దారి పొడుగునా పాత రాతి భవనాలే. తలెత్తి చూస్తూ నడవండి. ఈ ఊరి కట్టడాల్లో రాళ్ళు మోసినవాళ్ళలో తెలంగాణ పల్లెల నుంచి వెళ్ళిన కామాఠీ కూలీలు చాలామంది ఉన్నారు. ఆ మాట ఏ బోర్డు మీదా కనపడలేదు నాకు.

పేరు సంగతి కూడా పిల్ల అడుగుతుంది, తెలుసుకుని వెళ్ళండి. కాలా ఘోడా అంటే నల్ల గుర్రం. తర్వాత ఏడో ఎడ్వర్డ్ పేరుతో ఇంగ్లండ్ రాజైన యువరాజు గుర్రం మీద కూర్చున్న విగ్రహాన్ని 1879లో పెట్టారు. జనం రాజును వదిలేసి గుర్రాన్నే గుర్తు పెట్టుకున్నారు. 1965లో విగ్రహాన్ని తీసి ముంబైలోనే బైకుల్లా అనే పేటలో ఉన్న జూకు పంపించారు. పేరు మాత్రం యాభై ఏళ్ళకు పైగా గుర్రం లేకుండానే నడిచింది. 2017లో కొత్త గుర్రాన్ని పెట్టారు, ఈసారి రౌతు లేకుండా. నాకైతే ఇదే బాగుంది.

నన్నడిగితే అసలు కాలా ఘోడా ఉన్నది జహంగీర్ గ్యాలరీ లోపల కాదు, దాని ముందున్న ఫుట్‌పాత్ మీద ఉంది. అక్కడ గోడకు ఆనించి బొమ్మలు అమ్ముతారు, కూర్చోబెట్టి మనిషి బొమ్మ గీసిస్తారు. పండరిపురంలో పుట్టిన చిత్రకారుడు ఎం.ఎఫ్. హుసేన్ కూడా ఈ ఊళ్ళోనే సినిమా హోర్డింగులు రాసి బతికినవాడు. అందుకే నాకు ఆ ఫుట్‌పాత్ అంటే గౌరవం ఎక్కువ.

మా మేనకోడల్ని ఒకాయన ముందు కూర్చోబెట్టాను. ధర ముందే మాట్లాడుకున్నాం, మీరూ అలాగే చేయండి. ఆయన పిల్లను ఒక నిమిషం ఊరికే చూశాడు. కనపడీ కనపడకుండా ఒక గుండ్రం గీశాడు, పెన్సిల్‌ను గాల్లో అడ్డంగా పట్టుకుని కళ్ళ మధ్య దూరం కొలిచాడు. తర్వాత బొగ్గుతో కనుపాపల్ని పూర్తిగా నల్లగా నింపేశాడు. ఇప్పుడు తెల్ల చుక్క పెడతాడని చూస్తున్నా, బోర్డుల మీద నేను చేసేది అదే కదా. ఆయన పెట్టలేదు. మెత్తటి రబ్బరు ముద్దను వేళ్ళతో సూదిగా నలిపి, ఆ నలుపులోంచి ఒక చుక్కంత తీసేశాడు. అంతే, కాగితంలోంచి పిల్ల మమ్మల్ని చూసింది. పద్దెనిమిదేళ్ళు నేను పైన పెడుతూ వచ్చింది ఆయన లోపల్నుంచి తీశాడు. ముక్కు మాత్రం మా అక్కకు ఇప్పటికీ నచ్చలేదు.

మిగతావి త్వరగా చెప్పేస్తా. నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడర్న్ ఆర్ట్ ఎదురుగానే ఉంటుంది, టికెట్ ఉంది, సోమవారం సెలవు. నేను ఒకసారి సోమవారమే వెళ్ళి తాళం చూసి వచ్చాను. ఛత్రపతి శివాజీ మహారాజ్ వస్తు సంగ్రహాలయ అనే మ్యూజియం మొత్తం చూడాలంటే రోజు సరిపోదు. మీ అమ్మాయికి కావలసింది బొమ్మలు కాబట్టి సూక్ష్మచిత్రాల గది చూపించి బయటికి రండి, దక్కన్ చిత్రాలు అందులో ఉన్నాయి. నీలం రంగు యూదుల ప్రార్థనా మందిరం 1884 నాటిది, పక్క సందులోనే. పాత వాట్సన్ హోటల్‌ను బయట నుంచి చూడండి. ఇనుప చట్రం మీద కట్టిన భవనం అది, శిథిలమైపోతోంది. 1896 జూలై 7న మన దేశంలో మొదటిసారి సినిమా వేసింది అందులోనే.

కెఫేల గురించి నా అభిప్రాయం వేరు. ఒక చోట కూర్చుని మెనూ చూస్తే మా ఊళ్ళో భోజనం డబ్బులకు ఒక కాఫీ. ముగ్గురం ఒక కేకు తెప్పించుకుని పంచుకుంటే వెయిటర్ మూడు చెంచాలు తెచ్చి పెట్టి అదోలా చూశాడు. కేకు మాత్రం బాగుంది, అబద్ధం చెప్పను. కానీ వీధి చివర వడాపావ్ తిని కటింగ్ చాయ్ (అర గ్లాసు టీ) తాగితే పిల్లకూ హాయి, మీకూ హాయి.

ఇంకొకటి. 1999 నుంచి జరుగుతున్న కాలా ఘోడా ఆర్ట్స్ ఫెస్టివల్ జనవరి చివర, ఫిబ్రవరి మొదట్లో తొమ్మిది రోజులుంటుంది. వీధిలో బండ్లు ఆపేసి పెద్ద పెద్ద బొమ్మలు పెడతారు, ఆటపాటలు ఉంటాయి. రంగులు చూడాలంటే అప్పుడే వెళ్ళాలి. కానీ శని ఆదివారాలు వద్దు, బాసరలో వసంత పంచమి జనం గుర్తుకొస్తుంది. బొమ్మ ముందు నిలబడేలోపే వెనకవాళ్ళు సెల్ఫీకి జరగమంటారు. మొదటిసారి వెళ్ళేవాళ్ళు మామూలు రోజున, అదీ బుధ గురువారాల్లో వెళ్తేనే మేలు.

అమ్మాయి సంచిలో ఒక చిన్న స్కెచ్ బుక్, హెచ్‌బీ పెన్సిల్ ఒకటి, ఫోర్‌బీ పెన్సిల్ ఒకటి పెట్టండి. సాయంత్రం ఎండ తగ్గాక గుర్రం ఎదురుగా ఒక గంట కూర్చోనివ్వండి. మధ్యలో లేపకండి. తిరుగు బండి రాత్రి కదా, టైముంటుంది. మా పిల్ల గీసిన గుర్రానికి వెనక కాలు పొట్టిగా వచ్చింది. రైల్లో నాందేడ్ దాకా దాన్ని చెరిపి గీస్తూనే ఉంది.