కౌంటర్‌కి అవతలి మనిషి

తమ్ముడూ,

నీ స్క్రిప్ట్ రెండుసార్లు చదివాను. మొదటిసారి రాత్రి ఏకబిగిన, రెండోసారి పొద్దున్నే పెన్ను పట్టుకుని. ఉద్యోగం పోయిన మనిషి ఆ సంగతి ఇంట్లో చెప్పలేక రోజూ లంచ్ బాక్స్ సర్దించుకుని బయటికి రావడం, మెట్రో స్టేషన్ మెట్ల మీద సాయంత్రం దాకా కూర్చోవడం చదువుతుంటే గొంతు పట్టేసింది. నీకు రాయడం వచ్చు. అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

నా బాధంతా పన్నెండో పేజీ దగ్గర. అక్కడ నీ హీరో కిరాణా కొట్టు పగలగొడతాడు. సీసాలు పగిలే తీరు, షట్టర్ మీద పడే దెబ్బ, హీరో కళ్లలో ఎరుపు, అన్నీ ఉన్నాయి. కొట్టువాడికి మాత్రం పేరు లేదు, ఒక్క మాటా లేదు. 'ఓనర్ భయంతో వెనక్కి జరుగుతాడు' అని ఒకే ఒక్క లైను.

'ఫాలింగ్ డౌన్' చూశావా? 1993లో వచ్చింది. జోయెల్ షూమాకర్ తీశాడు, ఎబీ రో స్మిత్ రాశాడు, మైకేల్ డగ్లస్ వేశాడు. చూసి ఉన్నా మళ్లీ చూడు, ఒక్కో మెట్టు ఎక్కడ కట్టారో గమనించడానికి. లాస్ ఏంజెలెస్ ఎండ, ట్రాఫిక్ జామ్, ఏసీ పనిచేయని కారు, లోపల ఈగ. తెల్లటి పొట్టి చేతుల చొక్కా, టై వేసుకున్న మనిషి కారు రోడ్డు మీదే వదిలేసి, ఇంటికి పోతున్నానంటూ నడక మొదలుపెడతాడు. అతను పనిచేసింది రక్షణ రంగం కంపెనీలో. కోల్డ్ వార్ అయిపోయాక దక్షిణ కాలిఫోర్నియాలో అలాంటి ఉద్యోగాలు వేలల్లో పోయాయి. కారు నంబర్ ప్లేటు మీద మాత్రం ఇంకా 'డి-ఫెన్స్' అనే ఉంటుంది. అతని చేతిలోని బ్రీఫ్‌కేస్‌ని తర్వాత పార్కులో ఇంకొకడు తెరిస్తే లోపల తిండి తప్ప ఏమీ ఉండదు. నీ లంచ్ బాక్స్ చూడగానే నాకు అదే గుర్తొచ్చింది.

అతను ఇంటి నుంచి ఒక్క ఆయుధం తేలేదు. కొట్టువాడి దగ్గర లాక్కున్న బేస్‌బాల్ బ్యాట్. తర్వాత బెదిరించడానికొచ్చిన కుర్రాళ్ల కత్తి. వాళ్లే మళ్లీ చంపడానికొచ్చి కారు గుద్దేసుకుంటే, వాళ్ల బ్యాగు నిండా ఉన్న తుపాకులు. ఒక్కొక్కటీ ఆ ఊరే చేతికి అందించింది. మరి నీ హీరోకి ఇరవయ్యో పేజీలో పిస్టల్ ఎక్కణ్ణుంచి వచ్చింది? 'ఫ్రెండ్ ఇస్తాడు' అంటే నేను నమ్మను. హైదరాబాద్‌లో మామూలు మనిషి చేతికి అందేది హెల్మెట్, బండి డిక్కీలో స్పానర్, కొబ్బరి బోండాల కత్తి. వాటితోనే ఎంత భయపెట్టొచ్చో ఆలోచించు.

ఇప్పుడు కొట్టు దగ్గరికి వద్దాం. ఆ సినిమాలో గొడవ మొదలయ్యేది చిల్లర కోసం. ఫోన్ చేసుకోవాలి, చిల్లర కావాలంటాడు. కొరియా నుంచి వచ్చిన కొట్టువాడు ఏదన్నా కొంటేనే ఇస్తానంటాడు. కోక్ డబ్బా 85 సెంట్లు. అది కొంటే ఫోన్‌కి చిల్లర చాలదు. మొదటిసారి చూసినప్పుడు నేను పూర్తిగా హీరో పక్షమే.

కానీ ఆ సినిమా షూటింగ్ రోజుల్లోనే, 1992 ఏప్రిల్ 29న, రాడ్నీ కింగ్ అనే నల్లజాతి మనిషిని కొట్టిన పోలీసులకి అనుకూలంగా తీర్పు రావడంతో ఆ ఊరు తగలబడింది. 50 మందికి పైగా చనిపోయారు. కొరియన్ల కొట్లే రెండు వేలకు పైగా దెబ్బతిన్నాయి. ఆ బూడిద ఊడ్చుకున్నవాళ్లకి ఏడాది తిరక్కుండా తెర మీద మళ్లీ తమ కొట్టే పగులుతూ కనిపించింది. అమెరికాలోని కొరియన్లు ఆ సినిమా మీద నిరసన తెలిపారు. వాళ్ల బాధ న్యాయమైందని నా నమ్మకం. ఆ ఒక్క సీన్‌లో రచయిత కౌంటర్‌కి ఇవతలే నిలబడిపోయాడు.

అదే సినిమాలో ఇంకో మనిషి ఉన్నాడు. 'ఆర్థికంగా పనికిరావు' అని బ్యాంకు లోన్ ఇవ్వని నల్లజాతి మనిషి. అతనిదీ అదే తెల్ల చొక్కా, అదే టై, అదే కోపం. చేతిలో ఒక అట్ట పట్టుకుని బ్యాంకు ముందు అరుస్తుంటే పోలీసులు పట్టుకుపోతారు. నీ స్క్రిప్ట్‌లో అలాంటి మనిషి లేడు. అందుకే నీ హీరోకి వేరే దారే లేదన్నట్టుంది. దారి ఉంది. పక్కనే ఇంకొకడు ఆ దారిలో వెళ్తున్నాడని చూపించు.

ఎవరికీ చెప్పని సంగతి ఒకటి చెప్తాను. మూడు నెలలుగా జీతం రాని రోజులు. అమ్మకి మందులు కొంటుంటే చిల్లరలో పది రూపాయలు తగ్గాయనిపించి కౌంటర్ మీద అరచేత్తో గట్టిగా కొట్టాను. అద్దం చిట్లింది. కౌంటర్‌లో ఉన్న కుర్రాడికి పదిహేడేళ్లుంటాయేమో. నా చేతిలోంచి డబ్బులు తీసుకుని ఒక్కొక్క బిళ్లా అద్దం మీద పేర్చి లెక్కపెట్టాడు. వేళ్లు వణుకుతున్నాయి. రూపాయి బిళ్ల ఒకటి జారి, చిట్లిన గీత దగ్గర ఆగింది. లెక్క సరిపోయింది. తప్పు లెక్కపెట్టింది నేనే. అద్దం డబ్బులు వాడి జీతంలో కోస్తారేమోనని కూడా అడక్కుండా వచ్చేశాను. తర్వాత దాని మీద కథ రాస్తే అచ్చయింది, మెచ్చుకున్నారు. జీతం రాని మనిషి కోపం అందులో పేజీలకి పేజీలు ఉంది. ఆ కుర్రాడి వేళ్లు లేవు.

కాబట్టి నీ కొట్టువాడికి ముందు పేరు పెట్టు. పొద్దున ఐదింటికి పాల ట్రేలు దించుకున్న మనిషి అతను. అతని అరువు పుస్తకంలో నీ హీరో పేరు కూడా ఉందనుకో. ఉద్యోగం పోయిన నెల నుంచి 1,340 రూపాయలు. మొహమాటపడి ఇన్నాళ్లూ అడగలేదు. ఆ రోజు అడిగాడు, అదీ నలుగురి ముందు. ఇక రాయి సీన్. సీసాలు పగులుతుంటే, బయట ఎవరో అప్పుడే కట్టిన డబ్బులకి సౌండ్ బాక్స్ 'ఇరవై రూపాయలు అందాయి' అంటుంది. హీరో ఒక్క క్షణం ఆగుతాడా, ఆగడా? అది నువ్వే తేల్చుకోవాలి.

క్లైమాక్స్‌లో స్లో మోషన్ నడక తీసెయ్. 'ఫాలింగ్ డౌన్' చివర్లో అతను పోలీసుని నిజంగా ఆశ్చర్యంతో అడుగుతాడు, చెడ్డవాణ్ణి నేనా అని. తను ఎంత దూరం దిగిపోయాడో అప్పటిదాకా అతనికి తెలియదు. నీ హీరోకి ఆ సంగతి ముందే తెలిసినట్టు, అందులో గొప్ప ఉన్నట్టు రాశావు.

స్క్రిప్టంతా ఇప్పుడే తిరగరాయొద్దు. ఆ కొట్టు సీన్ ఒక్కటి, కొట్టువాడి వైపు నుంచి, నాలుగు పేజీలు రాసి పంపు. అది చదివాక ఫోన్ చేస్తాను, మిగతాది కూర్చుని మాట్లాడుకుందాం.

ప్రేమతో,
అన్నయ్య