రౌతు కొద్దీ గుర్రం

జీవితాన్ని అనుకరించే కంప్యూటర్ ఆటల గురించి గత సంచికలో రాసిన తరువాత, బెంగళూరులోని తెలుగు కుటుంబాల నుంచి వచ్చిన ఉత్తరాలలో చాలావరకు గుర్రాల గురించే ఉన్నాయి. ‘ది సిమ్స్ 4’ అనే ఆటకు 2023 జూలైలో ‘హార్స్ రాంచ్’ అనే అనుబంధం వచ్చింది. చెస్ట్‌నట్ రిడ్జ్ అనే ఊహాప్రపంచంలో గుర్రాలను పెంచడం, వాటిని స్వారీకి తయారుచేయడం అందులో ప్రధానమైన పని. నాలుగు ఉత్తరాలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మా అమ్మాయికి పన్నెండేళ్లు. ఆ ఆటలో ఒక గోధుమరంగు గుర్రాన్ని పెంచుతోంది. రోజూ దానిమీద ఊరంతా తిరుగుతుంది. స్వారీలో ఏడో స్థాయికి చేరానని కూడా చెప్పింది. అయినా పోటీకి వెళ్లిన ప్రతిసారీ ఓడిపోతోంది. మొన్న అడ్డుకట్టల మీదుగా దూకే పోటీలో ఓడిపోయి రాత్రి అన్నం తినలేదు. పొరపాటు ఎక్కడ జరుగుతోంది?
— ఒక తల్లి, మారతహళ్లి

జవాబు: అమ్మా, మీ అమ్మాయి నేర్చుకుంది కానీ ఆమె గుర్రం నేర్చుకోలేదు. ఈ ఆటలో రౌతు విద్య వేరు, గుర్రం విద్య వేరు. మనిషికి స్వారీ అనే ఒక్క నైపుణ్యం ఉంటే, గుర్రానికి చురుకుదనం, దూకడం, ఓర్పు, నిలకడ అనే నాలుగు నైపుణ్యాలు ఉంటాయి. ఇవి విడివిడిగా పెరుగుతాయి. పోటీలు కూడా ఈ నాలుగింటికి తగినట్టే ఉంటాయి. పీపాల చుట్టూ మలుపులు తిరుగుతూ పరుగెత్తే పోటీకి చురుకుదనం, అడ్డుకట్టల మీదుగా దూకే పోటీకి దూకడం, దూరపు పరుగుకు ఓర్పు, రౌతు చెప్పినట్టు నెమ్మదిగా, అందంగా నడవవలసిన పోటీకి నిలకడ ప్రధానంగా కావాలి. మీ అమ్మాయి గుర్రాన్ని వీధుల వెంట ఎంత తిప్పినా, ఇంటి ఆవరణలో అడ్డుకట్టలు పెట్టి వాటిమీదుగా సాధన చేయించకపోతే ఆ గుర్రానికి దూకడం రాదు. ‘రౌతు కొద్దీ గుర్రం’ అన్న మన సామెతను ఇక్కడ కొంచెం లోతుగా అర్థం చేసుకోవాలి. రౌతు సమర్థుడైనంత మాత్రాన గుర్రం దానంతట అదే సమర్థమైపోదు. ఆ సామర్థ్యాన్ని రౌతు దానికి పూనుకుని నేర్పవలసి ఉంటుంది.

ఈ విషయం పిల్లకు తెలియకపోవడంలో ఆమె తప్పు లేదు. ఆ ఆటలో పోటీ మన కళ్ల ఎదుట జరగదు. రౌతూ గుర్రమూ తెరమీద నుంచి మాయమై, కొంతసేపటికి ఫలితంతో తిరిగి వస్తారు. గుర్రం ఏ కట్ట దగ్గర తడబడిందో, ఏ మలుపులో వెనకబడిందో చూసే అవకాశం ఆడేవారికి ఉండదు. ఇంత శ్రద్ధగా గుర్రాన్ని పెంచే పని పెట్టి, దాని ఫలం కనిపించవలసిన చోట తెర దించేయడం నా దృష్టిలో ఈ అనుబంధంలోని పెద్ద లోటు. కనుక ఓడినప్పుడల్లా ఆమెతో కలిసి కూర్చుని, గుర్రం నైపుణ్యాల పట్టీని తెరిపించి, నాలుగింటిలో ఏది వెనకబడి ఉందో చూడమని చెప్పండి. పెద్ద పోటీలకు ఎగబడకుండా మొదటి స్థాయి పోటీలతో ప్రారంభించమనండి. పోటీ రోజున గుర్రం ఆకలితోనో అలసటతోనో లేకుండా, మేత తిని, ఒళ్లు తోమించుకుని ఉండేలా చూసుకోవడం కూడా రౌతు పనే.

ఇక్కడ బెంగళూరులోనే పుట్టిన రౌతు ఫవాద్ మీర్జా సంగతి ఆమెకు చెప్పండి. 2018లో జకార్తాలో జరిగిన ఆసియా క్రీడలలో ఆయన ఈవెంటింగ్ అనే విభాగంలో వ్యక్తిగతంగానూ జట్టుతోనూ రెండు రజత పతకాలు గెలిచారు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో ఫైనల్ దాకా వెళ్లి 23వ స్థానంలో నిలిచారు. ఈ రెండు చోట్లా ఆయన స్వారీ చేసినది సెన్యూర్ మెడికాట్ అనే ఒకే గుర్రం మీద. ఈవెంటింగ్‌లో మూడు పరీక్షలు ఉంటాయి. మొదటిది రౌతు సైగకు తగ్గట్టు అడుగు వేయించే డ్రస్సాజ్, రెండవది మైదానాలలో, వాగుల మీదుగా సాగే దూరపు పరుగు, మూడవది అడ్డుకట్టల మీదుగా దూకడం. అంటే నిలకడ, ఓర్పు, దూకడం అన్నమాట. ఒకే గుర్రం ఈ మూడింటిలోనూ నెగ్గుకురావాలి. మీ అమ్మాయి పట్టీలో చూసే నైపుణ్యాలు నిజమైన పోటీలలో ఎందుకు కావాలో ఆమెకు అప్పుడు అర్థమవుతుంది.

ప్రశ్న: నేను 2011లో వచ్చిన ‘ది సిమ్స్ 3 పెట్స్’ను ఇప్పటికీ ఆడుతున్నాను. కొత్తది కొనడం అవసరమా?
— ఒక ఉద్యోగి, వైట్‌ఫీల్డ్

జవాబు: మీ పాతదానిలో గుర్రాన్ని కుటుంబ సభ్యునిలాగే మీరే నేరుగా నడిపించవచ్చు. కొత్తదానిలో ఆ వీలు లేదు. మనిషి చేత గుర్రానికి పని చెప్పించాలి తప్ప గుర్రాన్ని మీ చేతిలోకి తీసుకోలేరు. దానికి మొండితనమో, పిరికితనమో, స్వేచ్ఛాప్రియత్వమో వంటి సొంత గుణాలు ఉంటాయి కనుక, చెప్పిన పనిని అది తన పద్ధతిలో చేస్తుంది. నాకు ఇదే ఎక్కువ నచ్చింది. గుర్రం గుర్రంలా ఉండాలి. అయితే అడవి గుర్రాలు, ఒంటికొమ్ము గుర్రాలు మీకు ముఖ్యమైతే మీ పాత ఆటనే కొనసాగించండి. ‘ది సిమ్స్ 4’ మూల ఆట 2022 అక్టోబరు నుంచి ఉచితంగానే దొరుకుతోంది కానీ, గుర్రాల అనుబంధాన్ని విడిగా కొనవలసి ఉంటుంది.

ప్రశ్న: మా మనవడు తొమ్మిదేళ్లవాడు. ఆటలో గుర్రప్పిల్ల పుట్టిన కొన్ని రోజులకే పెద్దదైపోయింది. వాడు దాన్ని స్వారీ చేస్తున్నాడు. ఇప్పుడు నిజమైన గుర్రం ఎక్కుతానని, వీలైతే ఒకటి కొనిపెట్టమని పట్టుబడుతున్నాడు. వాడికి ఏమని చెప్పాలి?
— ఒక తాతగారు, యలహంక

జవాబు: నమస్కారమండీ. వద్దని మాత్రం చెప్పకండి. ఆట కుదించి చూపించిన కాలాన్ని మీరు విప్పి చెప్పండి. గుర్రం సుమారు పదకొండు నెలలు చూలుతో ఉండి, సాధారణంగా ఒక్క పిల్లనే ఈనుతుంది. పుట్టిన పిల్ల గంటా రెండు గంటలలోపే వణుకుతున్న కాళ్ల మీద లేచి నిలబడి తల్లి పాలు వెతుక్కుంటుంది. ఈ దృశ్యం ఏ ఆటలోనూ నాకు తృప్తిగా కనిపించలేదు. ఆ తరువాత దాని ఎముకలు గట్టిపడి, వీపు మీద మనిషి బరువును మోయగలగడానికి సుమారు మూడేళ్లు పడుతుంది. అంటే ఈ రోజు పుట్టిన గుర్రప్పిల్లను మీ మనవడు ఎక్కగలిగే నాటికి వాడికి పన్నెండేళ్లు వస్తాయి.

కొనడం గురించి అడిగితే మేత లెక్క చెప్పండి. నాలుగున్నర క్వింటాళ్ల బరువున్న గుర్రం రోజుకు ఏడు నుంచి తొమ్మిది కిలోల ఎండుగడ్డి తింటుంది, బిందెలకొద్దీ నీళ్లు తాగుతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలకు ఒకసారి గిట్టలు చెక్కించాలి. పని ఉన్నా లేకపోయినా ఈ ఖర్చు ఆగదు. ‘గుర్రం గుడ్డిదైనా దాణాలో తక్కువ లేదు’ అని మనవాళ్లు ఊరికే అనలేదు. ఇంకొక విషయం ఉంది. గుర్రం వాంతి చేసుకోలేదు. తినకూడనిది తిన్నా, ఒక్కసారిగా ఎక్కువ దాణా తిన్నా, కడుపులో పుట్టిన శూల దాని ప్రాణం మీదికి తెస్తుంది. ఆటలో మేత పెట్టడం ఒక్క నొక్కుతో అయిపోతుంది కనుక, ఎంత పెట్టాలన్న ప్రశ్న అక్కడ పుట్టనే పుట్టదు.

మా తాతగారు హిందూపురంలో జట్కా తోలేవారు. సాయంత్రం పెద్ద గంగాళంలో ఉలవలు ఉడికించి, చల్లారేదాకా ఆగి, చేత్తో నలిపి చూసి మరీ గుర్రం ముందు పెట్టేవారు. నా ఆరేడేళ్ల వయసులో ఒకరోజు నేను వెనకవైపు నుంచి దాని దగ్గరికి పరుగెత్తాను. అది ఉలిక్కిపడి తన్నిన తన్ను నా చెవి పక్కగా పోయి, వెనకనున్న గంపకు తగిలింది. తాతగారు నన్ను కొట్టలేదు. ఆ రోజు నుంచి ముందుగా దాన్ని పేరు పెట్టి పిలవాలని, నా మాట విని అది చెవి తిప్పిన తరువాతే పక్కనుంచి వెళ్లి మెడమీద చెయ్యి వేయాలని నియమం పెట్టారు. గుర్రం కళ్లు తలకు రెండు పక్కలా ఉండడంతో దానికి చుట్టూ దాదాపు అంతా కనిపిస్తుంది. సరిగ్గా తోక వెనకా, నుదుటి ముందూ మాత్రం కనిపించదు. మీ మనవడు నిజం గుర్రం దగ్గరికి వెళ్లేముందు తప్పనిసరిగా తెలుసుకోవలసిన పాఠం ఇదే. దీన్ని ఆట నేర్పదు.

మీ యలహంక నుంచి దేవనహళ్లి వైపు స్వారీ నేర్పే బడులు ఉన్నాయి. ముందు ఒకసారి తీసుకువెళ్లి చూపించండి. పిల్లలకు సరైన హెల్మెట్ పెట్టకుండా జీను మీద కూర్చోబెట్టే చోట చేర్పించవద్దు. వాడు ఎడమవైపు నుంచి రికాబులో కాలు పెట్టి ఎక్కడం, గురువు పొడవాటి తాడు పట్టుకుని ఉండగా గుండ్రంగా నడిపించడం, వీపు నిటారుగా ఉంచి కళ్లాన్ని లాగకుండా పట్టుకోవడం, ఇవే మొదట్లో వారాల తరబడి సాగుతాయి. దౌడు చాలా తరువాతి మాట. ఒళ్లు తోమడం, కొట్టం శుభ్రం చేయడం కూడా నేర్పే చోటు దొరికితే దాన్నే ఎంచుకోండి. ఆటలో ఆ పనులు చేసిన పిల్లవాడు కనుక, వాటిని చిన్నతనంగా భావించడు.

ప్రశ్న: పీయూసీ చదువుతున్న మా చెల్లెలు ఆటలో చాలా నెలలు పెంచిన గుర్రం ముసలిదై చనిపోయింది. ఆమె రెండు రోజులు ఏడ్చింది. ఇంట్లో అందరమూ నవ్వాం. ఇప్పుడు ఆట తెరవడమే మానేసింది, మాతో కూడా సరిగా మాట్లాడడం లేదు. ఇంత చిన్న విషయానికి ఏం చేయాలి?
— ఒక అన్నయ్య, కెంగేరి

జవాబు: ముందుగా నవ్వినందుకు ఆమెకు క్షమాపణ చెప్పండి. ఆ గుర్రానికి ఆమె పేరు పెట్టింది, ఒంటి మీది మచ్చలను తన చేత్తో ఒక్కొక్కటిగా దిద్దింది, నెలల తరబడి సాయంత్రాలు దానికోసం కేటాయించింది. గుర్రం తెరమీదిదే అయినా ఆ శ్రమ నిజమైనది, అందుకే ఆ దుఃఖమూ నిజమైనదే. ఆటలో వయసు పెరగకుండా ఆపివేసే వీలు సెట్టింగ్స్‌లో ఉంది. ఆ సంగతి ఆమెకు ముందే తెలిసి ఉండకపోవచ్చు, తెలిసినా కావాలనే వాడకుండా ఉండవచ్చు. ఏది నిజమో అడగకుండా ‘ఆపేస్తే సరిపోయేది కదా’ అని మాత్రం అనకండి.

ఆ గుర్రానికి పిల్ల ఏదైనా ఉందా అని నెమ్మదిగా అడగండి. ఈ ఆటలో పిల్లలకు తల్లిదండ్రుల రంగులు, మచ్చలు వస్తాయి. ఉందని చెబితే, దాన్ని మీకు చూపించమని పక్కన కూర్చోండి. ఆట మూసినప్పుడు అక్కడి కాలం కూడా ఆగిపోతుంది కనుక, ఆ పిల్ల ఆమె వదిలిన చోటే, ఆ రోజు సాయంత్రపు వెలుతురులోనే ఇంకా నిలబడి ఉంటుంది.