సిజేరియన్‌కి నడుములో మత్తా, పూర్తి మత్తా? తర్వాత నొప్పికి ఏం అడగాలి?

మీరు రెండు విషయాలు అడిగారు. నడుములో ఇంజెక్షన్ ఇస్తే జీవితాంతం నడుం నొప్పి ఉంటుందని మీ అత్తగారు అంటున్నారు కాబట్టి ఈసారి పూర్తి మత్తు ఇవ్వమనవచ్చా అన్నది ఒకటి. మొదటి ఆపరేషన్ తర్వాత రాత్రంతా నొప్పితో ఏడ్చినా, పాలిస్తున్నారని మందు సరిగా ఇవ్వలేదన్నది ఇంకొకటి. నేను మత్తు డాక్టర్ని, నా పిల్లలిద్దరూ ఆపరేషన్‌తోనే పుట్టారు. నన్నడిగితే మీరు పట్టుబట్టాల్సింది రెండో దాని గురించే.

నడుం నొప్పి సంగతి ముందు చెప్పేస్తాను. కాన్పయ్యాక చాలామందికి నడుం నొప్పి వస్తుంది, మామూలు కాన్పు అయినవాళ్లకీ వస్తుంది. సూది గుచ్చిన చోట కొన్ని రోజులు సలుపుగా ఉండొచ్చు. అంతకుమించి ఏళ్ల తరబడి ఉండే నొప్పిని ఆ సూది మీద వేయడం అన్యాయం. నిజంగా రాగలిగేది తలనొప్పి. లేచి కూర్చుంటే ఎక్కువై, పడుకుంటే తగ్గుతుంది. ఇప్పుడు వాడే సన్నటి పెన్సిల్ మొన సూదులతో సుమారు వందలో ఒకరికి వస్తుంది, దానికి వైద్యం ఉంది.

నడుములో ఇచ్చే మత్తుని స్పైనల్ అంటాం. అందులో మేం ఇచ్చేది ఎక్కువగా బుపివకైన్ అనే మొద్దుబార్చే మందు, అందులో 'హెవీ' అనే రకం. గ్లూకోజ్ కలిపి ఉంటుంది కాబట్టి బెల్లం పాకం నీళ్లలో అడుగుకి దిగినట్టు వెన్ను నీటిలో కిందికి దిగుతుంది. మొత్తం 2 మి.లీ. అటూ ఇటుగా, అంటే దాదాపు 10 మి.గ్రా. చాలు. దానికి ఫెంటానిల్ అనే బలమైన నొప్పి మందు కొంచెం కలుపుతాం. ఛాతీ దాకా మొద్దుబారుతుంది, కాని లాగుతున్నట్టు, కదుపుతున్నట్టు తెలుస్తుంది. ఇది ముందే చెప్పకపోతే 'నాకు మత్తు ఎక్కలేదు' అని భయపడతారు. అప్పుడే బీపీ పడిపోయి వాంతి వచ్చేలా అనిపించవచ్చు, వెంటనే చెప్పండి. ఫినైల్‌ఎఫ్రిన్ లాంటి మందుతో నిమిషంలో సర్దుకుంటుంది. వణుకు కూడా మామూలే. నేను డాక్టర్ని అయ్యుండి కూడా పళ్లు టకటకలాడుతుంటే ఆపుకోలేకపోయాను.

పూర్తి మత్తు చెడ్డదని కాదు. రక్తం బాగా పోతున్నా, ప్లేట్‌లెట్లు బాగా తక్కువున్నా, బిడ్డ గుండె చప్పుడు పడిపోయి క్షణం ఆగలేకపోయినా మేమే ఇస్తాం. కాని నిండు గర్భిణికి గొంతులో గొట్టం వేయడం కష్టమవుతుంది, కడుపులోది ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదం కూడా ఉంటుంది. మందు కొంత బిడ్డకీ చేరుతుంది. పైగా మెలకువ వచ్చీ రాగానే కుట్ల నొప్పి మొత్తం ఒక్కసారి మీద పడుతుంది. అత్తగారికి ఈ చివరి మాట చెప్పి చూడండి.

ఇక నొప్పి. స్పైనల్ మత్తు రెండు నుంచి నాలుగు గంటల్లో దిగిపోతుంది. దిగాక, మీరు పిలిచాక, నర్సు వచ్చాక మందు ఇస్తే అది నొప్పి వెనక పరుగెత్తడమే. మత్తు ఉండగానే పారాసెటమాల్ మొదలుపెట్టి, ఆరు గంటలకోసారి 1 గ్రా. చొప్పున, నొప్పి ఉన్నా లేకపోయినా ఇవ్వాలి. దానితోపాటు డైక్లోఫెనాక్ లాంటిది. ఈ రెండూ పాలలోకి చాలా తక్కువ వెళ్తాయి, పాలిచ్చే తల్లికి ఇవ్వొచ్చు. ఉబ్బసం, అల్సర్, కిడ్నీ సమస్య ఉంటే మాత్రం డైక్లోఫెనాక్ గురించి ముందే చెప్పాలి. ట్రమడాల్ అనే ఇంకా బలమైన నొప్పి మందు అవసరమైతే కొద్దిగా, బిడ్డ మరీ మగతగా ఉందేమో చూసుకుంటూ. అదే కోవకి చెందిన కోడీన్ మాత్రం వద్దు. 'తల్లివి, ఆ మాత్రం ఓర్చుకోలేవా' అనేవాళ్లుంటారు. నొప్పితో ముడుచుకుపోయిన తల్లి లేచి నడవలేదు, బిడ్డని సరిగా పట్టుకుని పాలూ ఇవ్వలేదు. నడవకపోతే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది.

మీ ఆసుపత్రిలో స్పైనల్‌లోనే మార్ఫిన్ కలుపుతారేమో అడగండి. 100 నుంచి 150 మైక్రోగ్రాములు వేస్తే దాదాపు ఒక రోజు హాయిగా ఉంటుంది. ప్రిజర్వేటివ్ లేని మార్ఫిన్ దొరకాలి, రాత్రంతా శ్వాస చూసుకునే సిబ్బంది ఉండాలి, అందుకే అన్నిచోట్లా ఇవ్వరు. నాకు రెండోసారి ఇచ్చారు. ముక్కు, ముఖం ఒకటే దురద, వాంతులు కూడా కొంచెం. అయినా ఆ సాయంత్రమే లేచి కూర్చున్నాను కాబట్టి మళ్లీ ఎంచుకోమన్నా అదే ఎంచుకుంటాను. అది కుదరదంటే పొట్ట పక్కలో స్కానింగ్ చూస్తూ ఇచ్చే 'ట్యాప్ బ్లాక్' అనే మొద్దుబార్చే ఇంజెక్షన్ అడగండి, కుట్ల దగ్గర నొప్పి కొన్ని గంటలు తగ్గుతుంది.

ఆపరేషన్‌కి ముందు మత్తు డాక్టర్ చూడటానికి వచ్చినప్పుడు పాత డిశ్చార్జ్ కాగితాలు చూపించి, పోయినసారి రాత్రి ఎలా గడిచిందో దాచకుండా చెప్పండి. రక్తం పలచబడే హెపారిన్ ఇంజెక్షన్లు వాడుతుంటే చివరిది ఏ రోజు ఎన్నింటికి వేసుకున్నారో రాసిపెట్టుకోండి. ఆ గంటలు లెక్క చూసుకునే వెన్నులో సూది వేస్తారు. తక్కువ డోసు ఆస్పిరిన్ ఒక్కటే అయితే స్పైనల్‌కి అడ్డం కాదు.