మోచేతి నొప్పికి సూది తొందర వద్దు

చి. మాధవికి పెదనాన్న ఆశీస్సులు.

ఫ్యాక్టరీ డాక్టరుగా చేరావని విని సంతోషించాను. మోచేతి నొప్పులు వరసగా వస్తున్నాయనీ, ‘సూదెయ్యండి మేడం, రేపు షిఫ్టుకెళ్లాలి’ అని పట్టుబడుతున్నారనీ రాశావు. పట్టుబడతారు మరి. జీతం కోత పడుతుందని వాళ్ల భయం, లైను ఆగుతుందని సూపర్‌వైజరు భయం.

ముందు అది టెన్నిస్ ఎల్బోయేనా, అంటే మోచేతి బయటివైపు ఎముకకి కండరం అతుక్కునే చోట వచ్చే నొప్పేనా చూడు. మోచెయ్యి చాపించి, అరచెయ్యి కిందికి తిప్పించి, పిడికిలి బిగించి మణికట్టు పైకెత్తమను. నువ్వు కిందికి నొక్కు. బయటివైపు ఎముక గుబ్బ దగ్గర కలుక్కుమంటే చాలావరకు అదే. మామూలు కేసుకి ఎక్స్‌రే అక్కర్లేదు. చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కుతున్నాయంటే మాత్రం మోచేతి లోపలివైపు నుంచి పోయే అల్నార్ నరం సంగతి చూడాలి. అలాంటివాళ్లని బల్ల అంచుకి మోచెయ్యి ఆనించొద్దను, రాత్రి చెయ్యి మడిచి పడుకోకుండా తువ్వాలు చుట్టుకోమను.

ఇక వాళ్లడిగే స్టిరాయిడ్ సూది. నెదర్లాండ్స్‌లో 185 మంది మీద చేసిన పరిశోధన 2002లో ‘లాన్సెట్’ వైద్య పత్రికలో వచ్చింది. ఆరు వారాలకి సూది వేసినవాళ్లలో 92 శాతం మందికి బాగుంది, ఫిజియోథెరపీలో 47, ఊరికే ఆగినవాళ్లలో 32. అక్కడే చదవడం ఆపేస్తే నువ్వూ సూదే వేస్తావు. ఏడాది తిరిగేసరికి సూదివాళ్లు 69కి జారారు, ఫిజియోథెరపీవాళ్లు 91, ఏమీ చెయ్యనివాళ్లు సైతం 83. ఈ అంకెలు కాగితం మీద రాసి బల్ల మీద పెట్టుకో, అడిగినవాళ్లకి చూపించు. రోగి రక్తమే తీసి, అందులో ప్లేట్‌లెట్లు ఎక్కువున్న భాగాన్ని వేసే పీఆర్‌పీ సూదికి డబ్బు పోయడమూ దండగే. దానివల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదని పరిశోధనలన్నీ కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2021 సమీక్ష తేల్చింది.

మరి ఏం చెయ్యాలి? ముంజెయ్యి బల్ల మీద, మణికట్టు అంచు దాటి, అరచెయ్యి కిందికి. అరలీటరు నీళ్ల సీసా పట్టుకుని రెండో చేత్తో పైకెత్తి, దించేటప్పుడు మాత్రం నొప్పి చేత్తోనే నెమ్మదిగా దించాలి. కాస్త నొప్పి ఉన్నా ఫరవాలేదు, మర్నాటికీ తగ్గకపోతే సీసాలో నీళ్లు తగ్గించమను. మోచేతి పట్టీ సుఖంగా ఉందంటే వేసుకోనీ, రుజువు అంతంతమాత్రమే. ఆపరేషన్ మాట నెలల తరబడి ఇవన్నీ చేశాకే.

అసలు మందు షాప్‌ఫ్లోర్ మీద ఉంది. నొప్పి ఉన్న మనిషి పనిచేసే చోటికి వెళ్లి నిలబడు. బోల్టు బిగిసే క్షణంలో గాలి గన్ను చేతిని తిప్పేస్తోందా? గన్ను బరువంతా చేతి మీదే ఉందా, పైనుంచి దాని బరువు మోసే బ్యాలెన్సరుకి వేలాడుతోందా? ట్రేలు అరచెయ్యి కిందికి పెట్టి లాగుతున్నాడా? బలం, పదేపదే చెయ్యడం, వంకర మణికట్టు కలిసినప్పుడే మోచేతికి ముప్పు ఎక్కువని 1997లోనే పనిచోట ఆరోగ్యం మీద పరిశోధించే అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ చెప్పింది. ఒట్టి ‘లైట్ డ్యూటీ’ అని చీటీ రాయకు, దాన్ని సూపర్‌వైజరు తనకి తోచినట్టు చదువుకుంటాడు. ‘గట్టిగా బిగించి పట్టే పని వద్దు, బరువు అరచెయ్యి పైకి పెట్టే ఎత్తాలి, ఆరు వారాలు’ అని విడమరిచి రాయి.

ఇట్లు
పెదనాన్న

తా.క. మోచేతి వెనక గుబ్బ మీద వాచి, ఎర్రబడి, జ్వరం కూడా ఉంటే ఈ ఓపిక మాటలేవీ పనికిరావు. చీము పట్టి ఉండొచ్చు. ఆ రోజే ఆసుపత్రికి పంపించు.