సివిల్ సీటు వదిలేయాలా? రాజ్ రెడ్డి గారి దారిలో చూడాల్సినవి

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ సివిల్ సెకండియర్. కాలేజీ మానేసి మళ్ళీ ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్) రాసి సీఎస్‌ఈలో చేరతానంటున్నాడు. మనిషి మాటను గుర్తుపట్టే ఏఐ మీద పని చేయాలని వాడి కోరిక. మాటను గుర్తుపట్టే కంప్యూటర్ల మీద పనిచేసి పేరు తెచ్చుకున్న శాస్త్రవేత్త, చిత్తూరు జిల్లా రాజ్ రెడ్డి గారు కూడా సివిలే చదివారు కదా అంటే, ఆ కాలం వేరంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, నెల్లూరు

జవాబు: అమ్మా, మీరన్నదీ నిజమే, అబ్బాయి అన్నదీ నిజమే. రాజ్ రెడ్డి గారు 1937లో కాటూరులో పుట్టి, 1958లో గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో సివిల్ పూర్తిచేశారు. అప్పటికి మన దేశంలో బీటెక్‌కి కంప్యూటర్ బ్రాంచే లేదు. స్టాన్‌ఫర్డ్‌లో కూడా ఆ డిపార్ట్‌మెంట్ 1965లోనే వచ్చింది. అందుకే ఏ బ్రాంచి చదివినవాళ్ళైనా అందులోకి వెళ్ళగలిగారు. ఇవాళ కొన్ని కంపెనీలు సీఎస్‌ఈ, ఐటీ వాళ్ళనే పిలుస్తున్నాయి. కాబట్టి ‘ఆయనా సివిలే’ అన్న ధైర్యం ఒక్కటే సరిపోదు.

ఆయన దగ్గర నేర్చుకోవాల్సింది బ్రాంచి మారడం కాదు, ఆ తర్వాత నడిచిన తీరు. 1960లో ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ యూనివర్సిటీలో ఎంటెక్ చేశారు. అక్కడే ఐబీఎంలో ఉద్యోగం చేశారు. ఆ తర్వాతే స్టాన్‌ఫర్డ్‌కి వెళ్ళి, 1966లో ఏఐ రంగానికి ఆ పేరు పెట్టిన జాన్ మెకార్తీ దగ్గర పీహెచ్‌డీ పూర్తిచేశారు. సివిల్ పట్టాకీ ఈ డాక్టరేట్‌కీ మధ్య ఎనిమిదేళ్ళున్నాయి. పట్టుకున్న సమస్య ఒక్కటే: మాటను యంత్రానికి అర్థం చేయించడం. 1969లో కార్నెగీ మెలన్‌కి వెళ్ళినా దాన్ని వదల్లేదు. వెయ్యి పదాలతో, ఆపకుండా మాట్లాడే వాక్యాలను పది శాతంలోపు తప్పులతో గుర్తించాలని 1971లో అమెరికా రక్షణ పరిశోధన సంస్థ లక్ష్యం పెట్టింది. 1976లో ఆయన బృందం చేసిన హార్పీ అనే ప్రోగ్రామ్ 1,011 పదాలతో దాన్ని అందుకుంది. అయితే మాట్లాడేవాళ్ళ గొంతుకు దాన్ని ముందుగా సర్దాల్సి వచ్చేది. ఎవరి గొంతైనా గుర్తించే స్ఫింక్స్ అనే ప్రోగ్రామ్‌ను ఆయన శిష్యుడు కై-ఫు లీ 1980ల చివర్లో తయారుచేశారు. 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి రాజ్ రెడ్డి గారు కంప్యూటర్ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు.

ఇక మీ అబ్బాయి సంగతి. నా మాటగా చెబుతున్నాను, కాలేజీ మాన్పించకండి. మళ్ళీ మొదటి సంవత్సరంలో చేరితే చదివిన కాలం పోతుంది, కోరిన సీటు వస్తుందన్న హామీ కూడా లేదు. ఈ వారమే కాలేజీలో సీఎస్‌ఈ మైనర్ డిగ్రీ (సివిల్‌తో పాటే అదనంగా చదివేది) ఉందేమో అడగమనండి. దానికి మామూలుగా 18 నుంచి 20 అదనపు క్రెడిట్లు కావాలి. సీజీపీఏ ఎంత ఉండాలో, ఏ సెమిస్టర్‌లో నమోదు చేసుకోవాలో కాలేజీని బట్టి మారుతుంది. బ్యాక్‌లాగ్ ఉంటే మాత్రం ముందు దాన్ని తీర్చాలి. కోడింగ్ మోజులో సివిల్ సబ్జెక్టులు ఫెయిలై క్యాంపస్ డ్రైవ్‌కి అర్హత పోగొట్టుకునే పిల్లలు చాలామంది.

తర్వాతి మెట్టు ఎంటెక్ ప్రవేశానికి రాసే గేట్ పరీక్ష. థర్డ్ ఇయర్ నుంచే రాయొచ్చు, స్కోరు మూడేళ్ళు చెల్లుతుంది. సీఎస్ పేపర్ వందలో 15 మార్కులు ఆప్టిట్యూడ్‌వి, 13 ఇంజినీరింగ్ మ్యాథ్స్‌వి. 2024 నుంచి డేటా సైన్స్, ఏఐ పేపర్ కూడా పెట్టారు. సంభావ్యత, లీనియర్ ఆల్జీబ్రా గట్టిగా ఉన్న సివిల్ విద్యార్థికి నేనైతే దీన్నే సూచిస్తాను. సివిల్ వాళ్ళను ఏ ఎంటెక్‌లోకి తీసుకుంటారో ఒక్కో సంస్థ బ్రోచర్‌లో చూసుకున్నాకే పేపర్ ఎంచుకోవాలి. రాజ్ రెడ్డి గారు పాలకమండలి ఛైర్మన్‌గా పనిచేసిన హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో స్పీచ్ మీద ఎన్నో ఏళ్ళుగా పరిశోధన జరుగుతోంది. అక్కడ ఎంఎస్ బై రీసెర్చ్‌కి (పరిశోధనే ప్రధానమైన పీజీ) సొంత ప్రవేశ పరీక్ష, ఆపైన ఇంటర్వ్యూ ఉంటాయి.

ఆ ఇంటర్వ్యూలో చూపించడానికి ఒక చిన్న ప్రాజెక్టు ఇప్పుడే మొదలుపెట్టించండి. సున్నా నుంచి తొమ్మిది దాకా తెలుగు అంకెలను ఇరవై మందితో తలా పదిసార్లు చెప్పించి ఫోన్‌లో రికార్డ్ చేస్తే రెండు వేల క్లిప్పులవుతాయి. అన్నింటినీ 16 కిలోహెర్ట్జ్‌కి, అంటే సెకనుకు 16 వేల శబ్ద నమూనాలకు మార్చాలి. ఒక్కో క్లిప్పును 25 మిల్లీసెకన్ల ముక్కలుగా, 10 మిల్లీసెకన్లకొకటి చొప్పున తీసుకుంటే సెకనుకు దాదాపు వంద ముక్కలొస్తాయి. వాటి నుంచి శబ్ద లక్షణాలను అంకెలుగా తీసి, గుర్తుపట్టే ప్రోగ్రామ్‌కి (మోడల్‌కి) నేర్పాలి. అందరూ పొరబడేది ఇక్కడే: క్లిప్పులన్నీ కలిపేసి, యాదృచ్ఛికంగా విడదీసి పరీక్షిస్తారు. అప్పుడు నేర్పిన గొంతులే పరీక్షలోనూ ఉండి, 99 శాతం వచ్చిందని సంబరపడతారు. కొత్త మనిషి ‘ఏడు’ అంటే అది తడబడుతుంది. పద్నాలుగు మందితో నేర్పి, ముగ్గురితో సరిచూసి, మిగిలిన ముగ్గురిని చివరి పరీక్ష దాకా ముట్టుకోకూడదు. హార్పీ నుంచి స్ఫింక్స్ దాకా పదేళ్ళకు పైగా పట్టిన చిక్కు ఇదే మరి.

రెండు నెలలు ఈ పని మీద విసుగు లేకుండా కూర్చోగలిగితే, వాడికి కావాల్సింది ఈ రంగమేనని నమ్మొచ్చు. మధ్యలోనే వదిలేస్తే, వాడు కోరుకున్నది సీఎస్‌ఈ అన్న పేరే కావొచ్చు. అప్పుడు బిల్డింగ్ డిజైన్ సాఫ్ట్‌వేర్, రిమోట్ సెన్సింగ్ (ఉపగ్రహ చిత్రాల విశ్లేషణ), జీఐఎస్ (కంప్యూటర్ మ్యాపులు) లాంటి సివిల్ దారుల గురించి మళ్ళీ రాయండి, వివరంగా చెబుతాను.