సోమవారం కడుపునొప్పి

ప్రశ్న: మేడం, మాది అనంతపురం. మావారి ఉద్యోగం మారి ఈ జూన్‌లో బెంగళూరు వచ్చాం, మారతహళ్లిలో ఉంటున్నాం. పాప నాలుగో తరగతి. రెండు నెలలుగా పొద్దున్నే, అందులోనూ సోమవారాలు, కడుపునొప్పి అని ఏడుస్తోంది. వ్యాన్ వెళ్లిపోయిన గంటకు తగ్గిపోతుంది. డాక్టరు స్కానింగ్ చేయించి ఏమీ లేదన్నారు. మావారు ‘నాటకాలు, రెండు తగిలిస్తే సరి’ అంటారు. అత్తయ్య దిష్టి అంటారు. నేను జాలిపడి ఇంట్లో ఉంచేస్తున్నాను. తన కన్నడం విని పిల్లలు నవ్వుతున్నారని ఒక్కసారి చెప్పింది, మళ్లీ నోరు విప్పలేదు. లంచ్ బాక్స్ కూడా సగం అలాగే తిరిగొస్తోంది.
- ఒక తల్లి, బెంగళూరు

జవాబు: అసలు సంగతి మీ ఉత్తరం చివర్లో ఉందమ్మా, ఆ లంచ్ బాక్సులో. క్లాసులో ఎక్కడ కూర్చోవాలో టీచరు చెబుతారు. లంచ్‌లో మాత్రం తోటిపిల్లలు జరిగి చోటివ్వాలి. కొత్త ఊరు నుంచి వచ్చిన పిల్లకు రోజంతటిలో కష్టమైన గంట అదే. ఆ గంట తలుచుకునే పొద్దున్నే కడుపు పట్టేస్తోందని నా అనుమానం.

నొప్పి నిజమే, నాటకం కాదు. భయపడితే కడుపు మెలిపెట్టడం పెద్దవాళ్లకూ ఉంది. ఇంటర్వ్యూ రోజున ఎన్నిసార్లు బాత్రూమ్‌కి వెళ్లారో మీవారినే గుర్తు చేసుకోమనండి. అయితే నొప్పి రాత్రి నిద్రలోంచి లేపుతున్నా, బరువు తగ్గుతున్నా, మాటిమాటికీ వాంతులవుతున్నా, విరేచనంలో రక్తం కనబడినా మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే.

ఇక మీరు చేస్తున్న పొరపాటు. నొప్పి అనగానే ఇంట్లో ఉంచితే పాపకు వెంటనే హాయిగా ఉంటుంది, నిజమే. కానీ మర్నాడు బడి ఇంకా పెద్ద భూతంలా కనిపిస్తుంది. వారం మానేసిన పిల్లను పంపడం, ఒక్కరోజు మానేసిన పిల్లను పంపడం కన్నా చాలా కష్టం. ‘నొప్పిగా ఉందని నాకు తెలుసు కన్నా, అయినా వెళ్దాం’ అనండి. రెండు మాటలూ కలిపే చెప్పాలి. మరీ కష్టమైతే వ్యాన్ మానిపించి కొన్నాళ్లు మీరే తీసుకెళ్లండి, టీచరుతో మాట్లాడుకుని మొదటి వారం సగం పూటైనా కూర్చోబెట్టండి. జ్వరంలాంటిది వచ్చి ఇంట్లో ఉంటే ఉండనివ్వండి, ఆ రోజు టీవీ, ఫోన్ మాత్రం వద్దు.

కొట్టడం గురించి ఒక్క మాట. బళ్లో పిల్లల్ని కొట్టకూడదని, మానసికంగా వేధించకూడదని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది. బళ్లో టీచరు చేయకూడని పని ఇంట్లో నాన్న చేస్తే, పాప రేపు నిజం ఎవరికి చెప్పుకుంటుంది?

భోజనాల దగ్గర ఎదురుగా కూర్చోబెట్టి ‘ఎవరేమన్నారు, పేరు చెప్పు’ అని అడగకండి. పిల్లలు ముడుచుకుపోతారు. జడ వేసేటప్పుడు మొహం మీకు కనపడదు, వాళ్లకదే ధైర్యం. ‘ఈ రోజు పెరుగన్నం ఎవరి పక్కన తిన్నావ్?’ అని అడిగి ఊరుకోండి. ఒక రోజు ‘ఎవరూ లేరు’ అంటుంది. అప్పుడు సలహా ఇవ్వకండి, దువ్వెన ఆపకుండా వినండి.

క్లాస్ టీచరును స్వయంగా కలవండి, వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. నవ్విన పిల్లల్ని అందరి ముందూ తిట్టమని అడగొద్దు. ఆ వెక్కిరింత టీచరు కంటపడని చోటికి, వ్యాన్‌లోకో బాత్రూముల దగ్గరికో మారుతుంది. లంచ్‌లో నెమ్మదస్తురాలైన ఒక పిల్ల పక్కన కూర్చోబెట్టమని, పొద్దున్నే నోటుబుక్కులు పంచడంలాంటి చిన్న పని అప్పజెప్పమని అడగండి. సీబీఎస్‌ఈ బడి అయితే అక్కడ కౌన్సెలర్ ఉన్నారేమో కనుక్కుని కలవండి. కొట్టడం, వస్తువులు లాక్కోవడం దాకా పోతే ప్రిన్సిపాల్‌కి రాతపూర్వకంగా ఇవ్వండి.

కన్నడం అంటే అంత టెన్షన్ వద్దు. లిపి మనదానికి చుట్టమే. మన తలకట్టు ఉన్నచోట వాళ్లకు అడ్డగీత ఉంటుంది, మిగతా అక్షరాలు చాలావరకు పోల్చుకోవచ్చు. బస్సుల మీద ఊరి పేర్లు ఇద్దరూ కలిసి చదవండి. మీరూ తప్పులు చదవండి, నవ్వనివ్వండి. ఈలోగా రెండు మాటలు నేర్పండి. ‘ఊటా ఆయ్తా?’ అంటే భోజనమైందా అని, ఈ ఊళ్లో సగం పలకరింపులు దాంతోనే. ‘నానూ ఆటక్కె బర్లా?’ అంటే నేనూ ఆటకు రానా అని. మైదానంలో పాపకు కావాల్సింది ఈ రెండోదే.

అత్తయ్యగారు దిష్టి తీస్తానంటే తీయనివ్వండి, నష్టమేమీ లేదు. తీశాక బడికి పంపండి.

ఇలా నెల చేసినా మార్పు లేకపోతే, నిద్ర చెడినా, ‘నేను లేకపోతే బాగుండు’ లాంటి మాట వచ్చినా ఆలస్యం చేయకండి. హొసూరు రోడ్డులోని నిమ్హాన్స్ ఆసుపత్రిలో పిల్లల మానసిక వైద్యానికి ప్రత్యేక విభాగమే ఉంది. అంతకన్నా ముందే మాట్లాడాలనిపిస్తే 14416కి ఫోన్ చేయండి. అది 2022లో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలీ మానస్, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనూ మాట్లాడతారు. మొదటిసారి పాపకు ఫోన్ ఇవ్వకుండా మీరొక్కరే మాట్లాడినా సరిపోతుంది.